బరువులెత్తకూడని మనిషి

డిన్నీ హాలినన్ ఆ సోమవారం అబద్ధం చెప్పలేదు. నవ్వాడంతే. ఆ నవ్వు ఎంత పని చేసిందో గురువారం దాకా అతనికే పూర్తిగా తెలిసిరాలేదు.

గ్లెన్‌రో మలుపు దగ్గర రోడ్డు మీద గుంతలు పూడుస్తున్నారు. అక్టోబరు వాన పొద్దున్నించీ పడుతూ ఆగుతూ విసిగిస్తోంది. తారు పీపా కింద మంట సరిగ్గా అంటుకోక పొగ అంతా డిన్నీ మొహం మీదికే వస్తోంది. పదిన్నరకి మేస్త్రీ మాసీ పవర్ ఈల వేశాడు. అందరూ పారలు గట్టుకి ఆనించి, టీ డబ్బా చుట్టూ చేరారు.

"ఏరా డిన్నీ," అన్నాడు మాసీ రొట్టెముక్క నములుతూ. "నీ పీపాలో తారు ఇంకా వేడిగానే ఉందటగా!"

నలుగురూ గొల్లుమన్నారు. డిన్నీకి అర్థం కాలేదు.

"ఏం తారు?"

"అబ్బ, ఏమీ ఎరగనట్టు! తెల్ల ఉన్ని కొందట మీ ఆవిడ, నాలుగు ఉండలు. మందుల షాపులో ఐరన్ మాత్రలు కూడా. అక్కడ పనిచేసేది బ్రైడీ టోబిన్ చెల్లెలి కూతురు, తెలుసుగా? శనివారం సాయంత్రానికే ఊరంతా పాకింది. నలభై నాలుగేళ్ల జోసీకి కడుపేంట్రా, సిగ్గులేని వెధవా!"

మాసీ లేచి వచ్చి వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. టీ ఒలికింది. ఇంకొకడు చెయ్యి పట్టుకుని ఊపాడు. ఉన్ని కొన్నది జోసీయే. మాత్రలు కొన్నదీ జోసీయే. కానీ అవి ఎవరి కోసమో రెండు రోజుల కిందటే, అదీ ఎవరూ వినకుండా కోళ్ల గూటి వెనక్కి లాక్కుపోయి మరీ చెప్పింది జోసీ. పెద్దమ్మాయి నోరీన్‌కి అయిదో నెల. అందుకు కారణమైన కుర్రాడు ఎండాకాలంలోనే లండన్ పోయాడు. "వాడి సంగతి వదిలేయండి, నేను వదిలేశాను," అందట నోరీన్. అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదట.

కాదు అనాలి. కాదంటే, మరి ఎవరికి అంటారు. ఆ ఇంట్లో ఇంకా ఉన్నది ఇరవయ్యేళ్ల నోరీన్, పన్నెండేళ్ల కార్మెల్.

డిన్నీ నవ్వాడు. నేల చూపులు చూస్తూ, టోపీ వెనక్కి నెట్టుకుని, నిజంగా తప్పు చేసి దొరికిపోయిన మొగుడిలాగే నవ్వాడు.

"చూశారా, చూశారా, ఎలా సిగ్గుపడుతున్నాడో!" అన్నాడు మాసీ.

మధ్యాహ్నమంతా డిన్నీ పార ఆగకుండా ఆడింది. మామూలుగా రెండు గుంతలు పూడ్చే టైములో మూడు పూడ్చాడు. ఏదో ఒకటి నేలకేసి కొడితే తప్ప మనసు ఊరుకోలేదు.

*

ఇంట్లో అడుగు పెట్టే చోటు లేదు. గురువారం ఇంటి పూజ వాళ్లింట్లో. గ్లెన్‌రోలో ఉన్నవి ఎనిమిది ఇళ్లు. ఏడాదికి రెండుసార్లు ఫాదర్ కిసేన్ ఏదో ఒక ఇంటికి వచ్చి, ఆ వంటింట్లోనే పూజ చేస్తాడు. నాలుగేళ్లకోసారి వంతు వస్తుంది. నాలుగేళ్లు పట్టించుకోని గోడలన్నీ ఆ ఒక్క వారంలో గుర్తొస్తాయి. బల్లలు, కుర్చీలు పెరట్లో గోనెపట్టాల కింద ఉన్నాయి. జోసీ తలకి గుడ్డ చుట్టుకుని గుమ్మానికి క్రీమ్ రంగు వేస్తోంది. నోరీన్ కింద కూర్చుని పొయ్యి పక్క గోడకున్న పాత కాగితం గరిటెతో గీకుతోంది.

డిన్నీ బూట్లు విప్పకుండానే జరిగింది చెప్పాడు.

జోసీ బ్రష్ డబ్బా పక్కన పడేసింది. "నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకుండా ఎలా ఉన్నావయ్యా?"

"నవ్వాను."

"నవ్వావా! నాకు కడుపని ఊరు ఊరంతా అంటుంటే నవ్వావా? ఈ వయసులో! రేపు గుడికెలా పోనూ? ఏ మొహం పెట్టుకుని షాపుకి పోనూ?" జోసీ తిట్లు ఒక వరస నడిచాయి. డిన్నీ తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తిట్లన్నీ తనవేనని ఒప్పుకోవడమే ఆ క్షణంలో సుఖంగా ఉంది.

తర్వాత జోసీ పెయింట్ డబ్బా మీద మూత పెట్టి, దాని మీదే కూర్చుంది. ఆమె అలా మాట్లాడకుండా కూర్చుందంటే బుర్ర పనిచేస్తోందని లెక్క.

"అయితే అలాగే కానీ," అంది చివరికి. "అందరూ అలాగే అనుకోనీ. శుక్రవారం ఓడలో నోరీన్ ఇంగ్లండులో, కవెంట్రీలో ఉన్న మీ చెల్లెలు పెగ్ దగ్గరికి పోతుంది. ఉద్యోగం దొరికిందంటాం. ఫిబ్రవరి ముందు నేను పోతాను. పుట్టిల్లు లేనిదాన్ని, ఆడపడుచు దగ్గర పురుడు పోసుకుంటే ఎవరేమంటారు? బిడ్డనెత్తుకుని నేనొస్తాను. కొన్నాళ్లాగి నోరీన్ వస్తుంది. ఇలా చేసిన ఇళ్లు ఎన్ని లేవు?"

డిన్నీకి ఊపిరి తిరిగింది. చిక్కుపడ్డ దారాన్ని ఒక్క లాగుతో విప్పేసినట్టుంది. "నీ బుర్రే బుర్ర, జోసీ," అన్నాడు.

కార్మెల్ మెట్ల మీద కూర్చుని అంతా వింటోంది. "మరి అమ్మ పొట్ట ఎలా పెరుగుతుంది?"

"దిండు పెట్టుకుంటుంది. నువ్వు నోరు మూసుకో," అన్నాడు డిన్నీ.

"అబద్ధం పాపమని మా బళ్లో సిస్టర్ చెప్పింది."

"పెద్దవాళ్ల మాటలు వినడం కూడా పాపమేనని చెప్పలేదా మీ సిస్టర్? పో పైకి."

నోరీన్ గీకుతూనే ఉంది. వెనక్కి తిరగకుండానే అడిగింది. "నన్నేమని పిలుస్తుంది?"

"ఎవరు?" అన్నాడు డిన్నీ.

"బిడ్డ."

జోసీ కొంచెం తడబడింది. "నోరీన్ అని. అక్కవి కదా."

నోరీన్ ముందున్న చోట కాగితం ఎప్పుడో ఊడిపోయింది. గరిటె ఇంకా అక్కడే ఆడుతోంది. కాసేపటికి గోడ గచ్చు కూడా పొడిపొడిగా రాలి ఆమె ఒళ్లో పడింది. డిన్నీ చూశాడు. ఆపమని చెప్పాలనుకున్నాడు. బూట్లు విప్పుకోవడానికి వంగి ఆ మాట మింగేశాడు.

*

బుధవారం సాయంత్రం పొరుగింటి బ్రైడీ టోబిన్ పూజపెట్టె తెచ్చింది. కిందటిసారి పూజ వాళ్లింట్లో. వస్త్రాలు, ద్రాక్షరసం పోసే పాత్ర, కొవ్వొత్తి స్టాండ్లు ఉన్న ఆ నల్లపెట్టె ఏ ఇంట్లో పూజ జరిగితే వాళ్లే తర్వాతి ఇంటికి అప్పగించాలి. పెట్టె మోసుకొచ్చింది ఆమె మొగుడు నెడ్. ఆమె చేతుల్లో ఇంకొకటి ఉంది, చెక్క తొట్టి. ఆమె నలుగురు పిల్లలూ పడుకుని పెరిగిన తొట్టి.

"ఇది నీకే, జోసీ. మళ్లీ తిరిగివ్వాల్సిన తొందరేమీ లేదు." బ్రైడీ జోసీని పైనుంచి కిందికి చూసింది. "ఏదీ, ఏమీ తెలియట్లేదే? ఎన్నో నెల?"

"అయిదు," అంది జోసీ నేల వైపు చూస్తూ.

"నాకైతే అయిదో నెలకి గుమ్మంలోంచి పక్కకి తిరిగి పోవాల్సొచ్చేది. సన్నటిదానివి కదా, కోటు కింద కనపడదులే. అయ్యో, నిలబడ్డావెందుకు? డిన్నీ, నీకు బుద్ధుందా? ఈ వయసులో ఈమెని నిచ్చెనెక్కించావా?"

నిచ్చెనెక్కింది నిజంగా జోసీయే, ఆ పొద్దున. బ్రైడీ ఆమె చేతిలో బకెట్ లాక్కుని చుట్టూ చూసింది. నోరీన్ కనపడింది. "ఇదిగో, నువ్వు పట్టుకోవే. మీ అమ్మ బరువులెత్తకూడదు."

నీళ్లు నిండిన బకెట్. నోరీన్ అందుకుంది. రెండు చేతులా పట్టుకుని పెరట్లోకి నడిచింది. డిన్నీ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు.

బ్రైడీ జోసీని పొయ్యి పక్క పెద్ద కుర్చీలో కూలేసింది. వీపు వెనక ఎర్ర దిండు పెట్టింది. కాళ్ల కింద చిన్న పీట పెట్టింది. పాలు వెచ్చబెట్టి గ్లాసు చేతికిచ్చింది. జోసీ పాలు తాగదు, చిన్నప్పటినుంచీ గిట్టవు. ఆ గ్లాసు అలాగే పట్టుకుని, ఉరికంబం ఎక్కబోయే మనిషిలా కూర్చుంది.

"ఇప్పుడు బల్ల," అంది బ్రైడీ. ఇంటి పెత్తనం అప్పుడే ఆమె చేతుల్లోకి పోయింది.

వంటింటి బల్లే బలిపీఠం. కానీ అది ఫాదర్ నడుముకి అందదు. కాళ్ల కింద కాంక్రీటు దిమ్మలు పెట్టి ఎత్తు చేయాలి. పాతకాలపు ఓక్ బల్ల. నలుగురు పట్టాల్సిన బరువు. నెడ్ ఒక వైపు పట్టుకున్నాడు. అతనికి మోకాళ్ల నొప్పి. ఇంకో వైపు డిన్నీ పట్టుకోబోయాడు.

"నువ్వు పట్టుకుంటే దిమ్మలెవరు పెడతారు? నెడ్ వంగలేడు. నోరీన్, ఇటు రా, ఈ మూల పట్టుకో."

"నేను ఎత్తుతాను," అన్నాడు డిన్నీ. "నెడ్, నువ్వు కాలితో నెట్టు."

"కాలితో నెడితే వంకరగా కూర్చుంటుంది. పాత్ర ఒలికితే ఎవరిది పాపం?" బ్రైడీ ఊరుకోలేదు. "ఇరవయ్యేళ్ల పిల్ల, ఆమాత్రం ఎత్తలేదా? ఈకాలం పిల్లలకి ఒళ్లు వంగదు. రావే."

కుర్చీలోంచి జోసీ లేవబోయింది. బ్రైడీ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

నోరీన్ డిన్నీ వైపు చూసింది. అది వేడుకోలు కాదు. ఈ మనిషి ఏమంటాడో చూద్దాం అన్నట్టు, ఊరికే చూసింది. ఒక్క మాటంటే చాలు, అంతా బయటపడుతుంది. అతను మోకాళ్ల మీద కూర్చుని దిమ్మ పట్టుకున్నాడు.

నోరీన్ వదులు స్వెట్టర్ చేతులు పైకి మడిచి బల్ల అంచు పట్టుకుంది. పళ్లు బిగించింది. బల్ల లేచింది. కింద నుంచి చూస్తున్న డిన్నీకి ఆమె పాదాలు కనిపించాయి. పనిచేసే బూట్ల ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి వాచిన పాదాలు, నేలని పట్టుకోవాలన్నట్టు వేళ్లు ముడుచుకున్నాయి. అతని చేతుల్లోంచి దిమ్మ జారింది. మళ్లీ పెట్టాడు. రెండో దిమ్మ పెట్టేలోగా పైనుంచి ఒక చిన్న మూలుగు వినిపించింది. ఇంకెవరికీ వినపడలేదు.

"అదీ," అంది బ్రైడీ బల్ల మీద చెయ్యి పెట్టి ఊపి చూస్తూ. "కదలదు."

నోరీన్ వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. డిన్నీ ఆ తలుపు వైపు చాలాసేపు చూశాడు. తన మీద తనకే అసహ్యమేసింది. అసహ్యం పడుతూనే నెడ్‌ని సాగనంపి, గుమ్మానికి రెండో పూత వేశాడు.

*

గురువారం పొద్దున ఎనిమిదింటికల్లా మిగతా ఏడు ఇళ్లవాళ్లూ వచ్చేశారు. కొత్త పెయింట్ వాసన, తడి కోట్ల వాసన, వెనక గదిలో ఉడుకుతున్న టీ వాసన కలిసిపోయాయి. జోసీ పెద్ద కోటులో, వీపు వెనక ఎర్ర దిండుతో కుర్చీలో కూర్చుంది. లేస్తే బ్రైడీ ఊరుకోదు. నోరీన్ వెనక గదిలో గుడ్లు, మాంసం ముక్కలు, రొట్టె చూసుకుంటోంది. పూజయ్యాక అందరికీ భోజనం పెట్టాలి. రేపటి ఓడ టికెట్టు గడియారం వెనక ఉంది.

ఫాదర్ కిసేన్ డెబ్భై దాటిన మనిషి, మాట కటువు. పూజకి ముందు ముందుగదిలో కూర్చుని, ఒక్కొక్కరూ తమ పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వింటాడు. ఇంటి యజమాని కాబట్టి డిన్నీ ముందు వెళ్లాడు. సొంత సోఫా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

పెయింటు పని చేస్తూ బూతులు తిట్టానన్నాడు. రెండు ఆదివారాలు గుడికి లేటుగా వెళ్లానన్నాడు. ఫాదర్ కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇంకా?"

గోడకవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. నోరీన్. "ఇంకేం లేవు, ఫాదర్."

"మూడు మంగళవార్త జపాలు చెప్పుకో." పాపవిమోచన ప్రార్థన చెప్పి, ఫాదర్ కళ్లు తెరిచాడు. మొహం కాస్త మెత్తబడింది. "జోసీ సంగతి విన్నాను, డిన్నీ. ఈ వయసులో జాగ్రత్తగా చూసుకో. పూజయ్యాక కడుపుతో ఉన్నవాళ్లకి చెప్పే దీవెన చెబుతాను, అందరి ముందూ. మంచిది."

"అలాగే, ఫాదర్," అన్నాడు డిన్నీ.

అతను వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఇప్పటిదాకా నవ్వాడు, ఊరుకున్నాడు. ఇప్పుడు మాత్రం మోకాళ్ల మీద కూర్చుని, దేవుడి మనిషి చెవిలో లేవు అన్నాడు. ఇది మాసీ పవర్ ముందు ఇకిలించినట్టు కాదు.

పూజ మొదలైంది. కొవ్వొత్తులు బల్ల మీద నిటారుగా వెలుగుతున్నాయి, బల్ల కదలలేదు. కదలకుండా ఎందుకుందో డిన్నీకి తెలుసు. జపాలు నోరు తన పాటికి తాను చెబుతోంది.

సత్ప్రసాదం వేళకి ఒక్కొక్కరే ముందుకు జరిగారు. యజమాని ముందు వెళ్లడం ఆనవాయితీ. ఫాదర్ దీవించిన అప్పం చేత్తో పట్టుకుని అతని వైపు చూశాడు. డిన్నీ కదలలేదు. మోకాళ్ల మీదే, తల ఛాతీకి ఆనించుకుని ఉండిపోయాడు. పాపం దాచుకుని ఆ అప్పం నాలుక మీద పెట్టించుకోవడం అతని వల్ల కాలేదు. తన సొంత ఇంట్లో, తన సొంత బల్ల ముందు సత్ప్రసాదం తీసుకోని మనిషిని గ్లెన్‌రోలో ఎవరూ చూడలేదు. బ్రైడీ కళ్లు వీపులో గుచ్చుకోవడం తెలుస్తూనే ఉంది. వెనకెవరో దగ్గారు. నెడ్ అతన్ని దాటుకుని ముందుకు పోయాడు.

చివరి జపం అయింది. ఫాదర్ పుస్తకంలో పేజీ తిప్పాడు.

"ఈ ఇంటికి దేవుడొక వరమిచ్చాడు," అన్నాడు. "జోసీ, ఇలా రామ్మా. మోకాళ్ల మీద కూర్చోవడం కష్టమైతే నిలబడు."

ఆడవాళ్లు చిరునవ్వులతో తిరిగి చూశారు. జోసీ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండడుగులు వేసి బల్ల ముందుకొచ్చింది. ఒక మోకాలు వంచబోయింది. ఫాదర్ చెయ్యి ఎత్తాడు.

వెనక గది తలుపు సందులోంచి నోరీన్ చూస్తోంది. చేతిలో పెద్ద టీ కెటిల్. ఆ దీవెన తన బిడ్డది. అది గదికి అవతల ఇంకొకరి నెత్తి మీద పడబోతోంది. ఆ పిల్ల మొహంలో కోపం ఉంటే డిన్నీ ఓర్చుకునేవాడేమో. అక్కడ కోపం లేదు. అలవాటు చేసుకుంటోంది.

"ఆమె కాదు, ఫాదర్," అన్నాడు డిన్నీ.

మాట గట్టిగానే వచ్చింది. ఫాదర్ చెయ్యి గాల్లోనే ఆగింది.

"జోసీకి ఏమీ లేదు. అది నేను చేసిన తప్పు. అందరూ అంటుంటే కాదనలేకపోయాను. ఇందాక మీ దగ్గరా దాచాను." అతను లేచి నిలబడ్డాడు. టోపీ లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "దీవెన నోరీన్‌ది. అదిగో, వెనక గదిలో మీ అందరికీ టీ కాస్తోంది."

పొరుగింటి మిసెస్ ఫోగర్టీ కోటు గుండీలు పెట్టుకోవడం వినపడింది, ఒక్కొక్కటే, కింది నుంచి పైదాకా. ఆమె మొగుడి మోచెయ్యి పట్టుకుని లేపింది. పూజ జరిగిన ఇంట్లో భోజనానికి ఉండకుండా పోవడమంటే ఆ ఇంటి గడప ఇక తొక్కం అని చెప్పడమే. తలుపు తీసి ఇద్దరూ వెళ్లిపోయారు. చల్లగాలికి ఒక కొవ్వొత్తి ఆరింది.

"డిన్నీ..." అంది జోసీ. ఏడుపో, తిట్టో తెలియలేదు. ఆమె ఇంకా సగం వంగే ఉంది.

ఫాదర్ కిసేన్ డిన్నీని చూశాడు. తర్వాత వెనక గది తలుపు వైపు చూశాడు. "ఆ కెటిల్ కింద పెట్టమ్మా," అన్నాడు విసుగ్గా. "చేతులు కాలతాయి."

నోరీన్ కెటిల్ పెట్టింది. చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ వచ్చింది. వదులు స్వెట్టర్ ఇవాళ ఏమీ దాచలేదు. లేక ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదో.

బ్రైడీ టోబిన్ నోరు తెరుచుకుని ఉంది. "దేవుడా," అంది. "బకెట్... ఈ బల్ల... నా నోటితో నేనే..." ఆమె మొహం జేవురించింది. డిన్నీ వైపు తిరిగింది. "నువ్వు చూస్తూ ఊరుకున్నావా! నేలమీద కూర్చుని చూస్తూ ఊరుకున్నావా, దద్దమ్మా!"

"ఊరుకున్నాను," అన్నాడు డిన్నీ.

బ్రైడీ పెద్ద కుర్చీలోంచి ఎర్ర దిండు లాగి, రెండు చేతులతో దులిపి, తెచ్చి బల్ల ముందు నేల మీద పడేసింది. సుతారంగా ఏమీ పెట్టలేదు, విసిరేసినట్టే వేసింది. "కూర్చోవే దాని మీద. నేల గట్టిగా ఉంది."

నోరీన్ దిండు మీద మోకాళ్లు ఆనించింది. జోసీ పక్కకి జరిగి, కూతురి భుజం మీద చెయ్యి వేసి అక్కడే నిలబడింది. ఫాదర్ దీవెన చదివాడు. గొంతు కటువుగానే ఉంది, ఒక్క మాట మింగలేదు. నోరీన్ మోచేతులు బల్ల అంచుకి ఆనాయి. తాను ఎత్తిన బల్లే. డిన్నీ పెదవులతోనే ఆమెన్ అని తల ఆడించాడు.

అది అయ్యాక ఫాదర్ ఇళ్ల పుస్తకం తెరిచాడు. పూజ జరిగిన ఇంట్లో ఎంతమందో రాసుకోవడం అతని పని. జేబులోంచి కలం తీశాడు.

"హాలినన్. నలుగురు కదా? ఒకరు ఇంగ్లండు పోతున్నారని ఎవరో అన్నారు."

డిన్నీ గడియారం వెనక ఉన్న టికెట్టు వైపు చూశాడు. నోరు తెరిచాడు. అతనికన్నా ముందు నోరీన్ చెప్పింది. ఇంకా దిండు మీదే ఉంది, లేవడానికి తల్లి చెయ్యి పట్టుకుంటోంది.

"ఎవరూ పోవట్లేదు ఫాదర్. ఫిబ్రవరి దాకా నలుగురం."

ఫాదర్ ఒక క్షణం ఆలోచించాడు. కలం జేబులో పెట్టుకుని, పెన్సిల్ తీసి నాలుగు అని రాశాడు.